ఎర్ర సిరా కింద అంకెలు

నవంబరు 3, సోమవారం

ముప్పై ఆరేళ్ళ కిందట ఎనిమిదో తరగతి పిల్లలకి సూర్యగ్రహణం చూపిస్తానని మాట ఇచ్చాను. అట్టముక్కకి సూదితో బెజ్జం పెట్టి, తెల్లకాగితం మీద సూర్యుడి బొమ్మ పడేట్టు చేసి, కొరికిన బిస్కెట్టులా అది తరిగిపోవడం చూపిస్తానన్నాను. నలభై మందీ అట్టలు తెచ్చుకున్నారు. ఆ పొద్దున అప్పటి హెడ్మాస్టరు, పిల్లలు ఆరోజు బయట అడుగుపెడితే చాలు కళ్ళు పోతాయని నమ్మిన మేధావి, డాబా తలుపుకి తాళం వేయించి కిటికీలు మూయించాడు. రెండో తాళంచెవి నా జేబులోనే ఉంది. ల్యాబు సామాను మెట్ల గదిలో ఉండేది కాబట్టి నాకొకటి ఇచ్చారు. గ్రహణం నడిచిన రెండు గంటలూ దాన్ని వేళ్ళతో తిప్పుతూ, మూసిన కిటికీల వెనక కాంతి సూత్రాలు వల్లె వేయించాను.

ఆ నలభై మందిలో ఒకత్తె ఇవాళ ఇంటికొచ్చింది. ఇప్పుడా బడికి ఆవిడే హెడ్మిస్ట్రెస్.

"మా క్లాసుకి మీరింకా ఒక గ్రహణం బాకీ మాస్టారూ," అంది టీ కప్పు చేతిలోకి తీసుకుంటూ.

"గ్రహణం నా చేతిలో ఉందా తల్లీ?"

"సూర్యుడున్నాడుగా. ఆయన గురించి చెప్పండి, చాలు."

బడి డాబా మీద మే నెలలో సోలార్ ప్యానెళ్ళు పెట్టారు. ఎనిమిదో తరగతికి వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, వాటి గురించి నేను పాఠం చెప్పాలట. ప్యానెళ్ళు ఎక్కడ పెట్టాలో తేల్చి సంతకం చేసింది నేనే కదా అని. నిజమే. "స్వయంగా డాబా ఎక్కి పరిశీలించాను" అని రాసిచ్చాను. ఎక్కాను కూడా.

ఆవిడ వెళ్ళాక మా ఆవిడ అంది: "పదహారేళ్ళయింది మీరు చాక్‌పీసు పట్టుకుని. ఇక పేపరు చదువుతూ మంత్రుల్ని తిట్టడం తగ్గుతుందేమో."

తగ్గదు.

నవంబరు 7, శుక్రవారం

గది అదే. బెంచీలు మారాయి, గోడ మీద తెర వచ్చింది. ఆ తెర ఇప్పటి సైన్సు మాస్టారిది. వయసు ముప్పై ఉంటుంది. అతను చాక్‌పీసు ముట్టుకోకుండా చెప్తాడు. తెర మీద బొమ్మ మారుతుంది, దాంతోపాటు పిల్లల మొహాల మీద రంగు మారుతుంది. అదే బోధన. నేనతనికి స్లైడు అని పేరు పెట్టుకున్నాను. నా పాఠం వినడానికి వెనక బెంచీలో కూర్చున్నాడు, చేతులు కట్టుకుని, మర్యాదగా. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో బెంచీ చివర ఒక అమ్మాయి. వీధి మలుపులో మిషను పెట్టుకున్న టైలరు కూతురు. ఏం చెప్పినా "అయితే మాస్టారూ" అని మొదలుపెడుతుంది. పిల్లలు ఆమెని 'అయితే' అనే పిలుస్తున్నారు.

"ఎండ ప్యానెల్ మీద పడితే కరెంటు పుడుతుంది," అన్నాను.

"అయితే మాస్టారూ, వేడికా, వెలుగుకా?"

"వెలుగుకి."

"అయితే చలికాలం ఎండకీ అంతే వస్తుందా?"

"ఎండ ఎండే," అన్నాను.

వెనక నించి ఎవడో "అయితే మాస్టారూ, వెన్నెలకి?" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఆ తరవాత నిజంగానే, "వెన్నెలకి ఎంతొస్తుంది మాస్టారూ?" అని అడిగింది.

బోర్డు మీద లెక్క వేశాను. మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు, రోజుకి నాలుగు గంటల మంచి ఎండ, పన్నెండు యూనిట్లు. పన్నెండు కింద రెండు గీతలు గీశాను. మెట్ల కింద గోడకి ఇన్వర్టరు ఉంది. ఆ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో దాని తెర మీద కనిపిస్తుంది. రోజూ బడి వదిలేటప్పుడు ఆ అంకె రాసే పని అయితేకి ఇచ్చాను.

నవంబరు 11, మంగళవారం

మోకాళ్ళు. క్లాసు బాగానే అయింది.

నవంబరు 18, మంగళవారం

ఇవాళ నాలో ఇంకా సరుకుందని తెలిసింది.

ఇరవై మందిని ఆవరణలో వరుసగా నిలబెట్టి, ఈ చివర నించి ఆ చివరికి పుస్తకాలు చేతులు మార్పించాను. చకచకా వెళ్ళాయి. తరవాత మధ్యలో ఉన్న 'అయితే' చెవిలో "నెమ్మదించు" అన్నాను. వరుసంతా ఆగిపోయింది. ముందున్నవాళ్ళ చేతుల్లో పుస్తకాలు పేరుకున్నాయి, వెనకున్నవాళ్ళు ఖాళీ చేతులతో నిలబడ్డారు. "ఏంటే నిద్రపోతున్నావా?" అని అరిచారు.

"అదీ సంగతి," అన్నాను. "ప్యానెళ్ళని కూడా ఇలాగే వరుసగా కలుపుతారు. ఒకదాని మీద నీడ పడితే మిగతావాటి కాళ్ళూ విరిగినట్టే."

స్లైడు ఫొటోలు తీసుకున్నాడు. "ఇది నా స్లైడుల్లో లేదు మాస్టారూ," అన్నాడు.

"ఉండదు," అన్నాను.

లోపలికి వెళ్తుంటే 'అయితే' నా పక్కకొచ్చింది. "అయితే మాస్టారూ, మన ప్యానెళ్ళ మీద నీడేమైనా పడుతుందా?"

"పడదమ్మా. నేను చూశాను."

నవంబరు 25, మంగళవారం

ఆ పిల్ల రాసిన పుస్తకం చూశాను. మొదటి అయిదు రోజులు పన్నెండు, పదకొండున్నర, అలా ఉంది. ఆ తరవాత పది. తొమ్మిది. ఎనిమిదీ పాయింటు నాలుగు. పక్కన 'ఆకాశం' అని ఇంకో వరుస తనంతట తనే గీసుకుంది. అందులో రోజూ "మబ్బు లేదు", "మబ్బు లేదు".

మబ్బు లేకుండా తగ్గడమేమిటి? తెర మీద నాలుగు అంకెలుంటాయి, వేరేదేదో చూసి రాస్తోంది. పిల్లల చూపు అంతే. రెండు మూడు అంకెలు ఎర్ర సిరాతో సరిచేశాను.

ముప్పై రెండేళ్ళు ల్యాబు నడిపినవాణ్ణి. విలువ రాకపోతే ఎవరిది తప్పో నాకు తెలుసు.

నవంబరు 28, శుక్రవారం

స్లైడు మెట్ల దగ్గర ఆపి, "మాస్టారూ, ఒకసారి డాబా మీదికి వెళ్దామా, మధ్యాహ్నం పూట?" అన్నాడు. నా మోకాళ్ళ సంగతి తెలిసే అడిగాడు. కుర్రతనం. "నువ్వు తెర మీద చూపించు, కింద నించే చూస్తాను," అన్నాను. నవ్వాడు. నేనే నవ్వించాను కాబట్టి నవ్వక ఏం చేస్తాడు.

డిసెంబరు 2, మంగళవారం

అయితేని క్లాసయ్యాక ఉండమన్నాను. పుస్తకంలో నిన్నటిది ఏడూ ఒకటి.

"సరిగ్గా చూడు తల్లీ. పన్నెండు రావాలి."

"చూశాను మాస్టారూ. రెండుసార్లు చూశాను. అమ్మాయిలందరికీ చూపించాను."

"మరి తప్పెక్కడుంది?"

"తెలీదు. అయితే మాస్టారూ, మీటరు అబద్ధం చెప్తుందా?"

"మీటరు చెప్పదు. చూసేవాళ్ళు తప్పు చూస్తారు."

బల్ల చెక్కకి ఉన్న చీలికని గోటితో గీకుతూ నిలబడింది. బళ్ళ సైన్సు ప్రదర్శన దగ్గర పడుతోంది, మన ప్యానెళ్ళ లెక్క అక్కడ పెడుతున్నాం, పెద్ద చార్టు మీద శుభ్రంగా రాయాలి కదా, ఎర్ర సిరాలో ఉన్నవే ఎక్కించు అన్నాను. ఇకమీద రోజూ నేను చూసి దిద్దాకే చార్టు మీదికి ఎక్కించాలన్నాను. తల ఊపింది. అసలు పుస్తకం నేను ఇంటికి తెచ్చుకున్నాను. రోజూ అంకె విడి కాగితం మీద రాసి ఇవ్వమన్నాను.

దిద్దినవి ఇప్పటికి పదహారు అయ్యాయి.

మా ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ పుస్తకం తిరగేసింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సు. "మేం నూట మూడు ఉంటే నూట మూడే రాసేవాళ్ళం," అంది.

"జ్వరం వేరు, ఇది వేరు."

"అవును. తొంభై ఎనిమిది ఉండాలి కదా అని తొంభై ఎనిమిదే రాస్తే, ఇంక డాక్టరెందుకు?"

చదువుకున్న నర్సుని చేసుకోవద్దని మా నాన్న చెప్పాడు. వినలేదు. ఆయన చెప్పినవాటిలో నేను విననందుకు సంతోషించింది అదొక్కటే. అయినా ఇవాళ కాదు.

డిసెంబరు 5, శుక్రవారం

ప్రదర్శన 13న. అన్ని బళ్ళూ వస్తాయి. మొదటి స్థానం వచ్చిన ప్రాజెక్టు ఎవరిదో ఆ విద్యార్థికి వచ్చే ఏడు సైన్సు హాస్టలు బళ్ళో నేరుగా సీటు. పరీక్ష లేదు, ఏమీ లేదు. టైలరు ఇంట్లో ఒక్క గది, అయిదుగురు మనుషులు, ఒక మిషను. బట్టలు పరిచినప్పుడు ఆ పిల్ల మిషను బల్ల కిందకి దూరి చదువుకుంటుందని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. "ఈ పిల్లకి సీటొస్తే మీ పుణ్యమే మాస్టారూ," అంది. నేను లేదు లేదు అంటూనే ఒప్పుకున్నట్టు మొహం పెట్టాను.

డిసెంబరు 12, శుక్రవారం

చార్టు పూర్తయింది. ముప్పై ఒక్క రోజులు. అందమైన చేతిరాత. అన్నీ పదకొండుకీ పన్నెండుకీ మధ్య.

స్లైడు రంగుల గీతలున్న పెద్ద కాగితం ఒకటి తెచ్చి చూపించాడు, పక్కన అంటిద్దామని. కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. రంగులు బాగున్నాయన్నాను. అతనికి కావలసింది అదే. నా మొహం వైపు కాసేపు చూసి, "అంటించమంటారా మాస్టారూ?" అని మళ్ళీ అడిగాడు. అంటించుకో బాబూ అన్నాను.

డిసెంబరు 13, శనివారం

ప్రదర్శన అయింది. మాకు రాలేదు. జనం ఎక్కువ, హాల్లో గాలి లేదు. కాళ్ళు లాగుతున్నాయి.

డిసెంబరు 14, ఆదివారం

ఏమీ లేదు.

డిసెంబరు 15, సోమవారం

రాయకపోతే జరగనట్టు కాదు. రాస్తాను.

న్యాయనిర్ణేత కరెంటు ఆఫీసు ఇంజనీరు, యాభై ఏళ్ళావిడ, కళ్ళద్దాలు గొలుసుతో మెడలో వేసుకుంది. మా 'అయితే' పుస్తకాల వరుస ఆట గురించి చెప్తుంటే ఆవిడ మొహం విప్పారింది. "ఎవరు నేర్పారమ్మా ఇది?" అంది. "మా మాస్టారు," అంది పిల్ల, గర్వంగా నావైపు చూపించి. అప్పుడా ఇంజనీరు అద్దాలు పెట్టుకుని చార్టు చూసింది. తరవాత పక్కన స్లైడు అంటించిన రంగుల కాగితం చూసింది. అది ఇన్వర్టరు తనలో దాచుకున్న రోజువారీ లెక్క. అది దాచుకుంటుందని నాకు తెలియదు. నా కాలపు మీటర్లు ఏవీ దాచుకునేవి కావు.

నవంబరు చివర ఎనిమిది. డిసెంబరులో ఏడు. ఆరు. పక్కన అందమైన చేతిరాతలో పదకొండూ తొమ్మిది, పన్నెండు, పన్నెండు.

"ఈ రెంటిలో ఏది నిజం?" అంది ఆవిడ. మెల్లగానే అంది.

పిల్ల మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"ఈ అంకెలు ఎవరు రాశారు?"

"నేనే," అంది పిల్ల. అది నిజమే, చేతిరాత తనదే. అని నావైపు చూసింది. చెప్పమన్నట్టు కాదు. నేను ఎలాగూ చెప్తానన్నట్టు. ఊరికే, చెప్పబోయేవాణ్ణి చూసినట్టు చూసింది.

నేను అన్నది ఇదీ: "పిల్లలు కదండీ. ఉత్సాహం."

ముప్పై రెండేళ్ళ బోధనలో నేను మాట్లాడిన అతి చిన్న వాక్యం అదే అయి ఉంటుంది.

అంకెలు కల్పించి రాశారని కమిటీ కాగితంలో రాసుకున్నారు. తప్పంతా స్లైడుది. ఆ కాగితం అంటించకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

డిసెంబరు 16, మంగళవారం

బడికి వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని చూసి, "తొంభై ఎనిమిది," అంది.

మధ్యాహ్నం టైలరు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. తీసి రావడం మరిచిపోయినట్టున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, క్షమించాలి," అన్నాడు. "మా పిల్ల మీ పరువు తీసింది."

కుర్చీ అతని వైపు జరిపాను.

"అలాంటిది కాదండీ అది. ఇంట్లో అబద్ధమాడితే చెవులెర్రబడిపోతాయి, వెంటనే దొరికిపోతుంది. మరి ఎందుకు చేసిందో. అడిగితే చెప్పదు. కొట్టబోయాను కూడా. వాళ్ళమ్మ అడ్డమొచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు చెప్పారు, శనివారంలోపు కమిటీకి సంజాయిషీ రాయాలట. రాయకపోతే వచ్చే ఏడు కూడా హాస్టలు సీటుకి అడగడానికి లేదట. పిల్ల తరఫున మీరే రెండు ముక్కలు రాస్తే... చిన్నతనం, తెలియక చేసింది, అని."

"రాస్తాను," అన్నాను.

"మీ చల్లని మాట చాలండీ." రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నా చొక్కా చేతి కుట్టు విడిపోయి ఉంటే చూసి, "పంపించండి మాస్టారూ, కుట్టిస్తాను," అన్నాడు.

వంటింటి తలుపు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది. ఎంతసేపటి నించో తెలియదు. నా బల్ల సొరుగు లాగింది. పిల్ల పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది, నా ఎర్ర సిరా పైకి కనిపించేట్టు తెరిచి. ఏమీ అనలేదు. ఏమన్నా అంటే దెబ్బలాడవచ్చని నేను ఎదురుచూశాను.

లెక్కపెట్టాను. పుస్తకంలోవీ, విడి కాగితాల మీదవీ కలిపి ముప్పై ఒకటిలో ఇరవై ఆరు. నేను దిద్దినవి ఇరవై ఆరు.

డిసెంబరు 17, బుధవారం

పదకొండున్నరకి మా ఆవిడా నేనూ బడికి వెళ్ళాం. మెట్లు యాభై నాలుగు. ప్రతి మలుపులోనూ ఆవిడ, "ఊపిరి తీసుకోండి, తొందరేముంది, నీడ ఎక్కడికీ పోదు," అంది. నీడ అని నేను ఆవిడకి చెప్పలేదు.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. మే నెలలో నేను డాబా ఎక్కలేదు. రెండో అంతస్తు దాకా ఎక్కి, రొప్పుతూ, కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూసి, ప్యానెళ్ళు పెట్టే మనిషితో, "మెట్ల గది పక్కనే పెట్టండి, తీగ తక్కువ పడుతుంది," అన్నాను. అతను సరే అన్నాడు. ఒకవేళ ఎక్కి ఉన్నా మే నెల సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి నీడ కనిపించేది కాదు. ఆ సాకు ఇప్పుడు తోచింది. అంటే నేను ఎక్కినా తప్పు చేసేవాణ్ణే అన్నమాట. అది నాకు ఊరటగా ఉండటం ఏం బాగాలేదు.

మెట్ల గది మీద నల్లటి నీళ్ళ ట్యాంకు. చలికాలపు సూర్యుడు దాని వెనక, దక్షిణాన, కిందుగా. ట్యాంకు నీడ కోసుకున్నట్టుగా ప్యానెళ్ళ మీద పడి ఉంది. మొదటి వరుసలో మూడింటి మీద. నీడలో ఉన్నదాని మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పక్కదాని మీద పెడితే చుర్రుమంది.

ఆరో తరగతి పిల్లలకి చెప్తాం: సూర్యుడు చలికాలంలో కిందుగా వెళ్తాడు, నీడలు పొడుగవుతాయి. ఆ పిల్ల అడిగింది కూడా, మొదటి రోజే. ఎండ ఎండే అన్నాను.

వెనక చప్పుడయింది. స్లైడు. చేతిలో టేపు, కాగితం.

"నువ్వెప్పుడు చూశావు ఇది?"

"నెలాఖరుకి, మాస్టారూ. అందుకే మిమ్మల్ని ఒకసారి పైకి రమ్మన్నాను."

"నోటితో చెప్పొచ్చుగా!"

"మీరు పెద్దవారు. మీకు నేను చెప్పడమేంటని... మీరే చూస్తే బాగుంటుందనుకున్నా. ఆ ప్రింటు కూడా అందుకే చూపించాను. అంటించుకోమన్నారు." చేతిలోని టేపు లాగి వదిలాడు. "అక్కడే చెప్పాల్సింది. హాల్లో. నేనూ నోరు మూసుకున్నాను మాస్టారూ. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను."

గౌరవం అట. ఇద్దరం కలిసి పదమూడేళ్ళ పిల్లని గౌరవం కింద పాతిపెట్టాం. తిడదామని నోరు తెరిచాను. మా ఆవిడ, "నీళ్ళు తాగుతావా నాయనా?" అని అతనికి సీసా ఇచ్చింది. నాకివ్వలేదు.

డిసెంబరు 18, గురువారం

ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మొదటి మూడుసార్లూ అందంగా వచ్చింది. పశ్చాత్తాపపడే ముసలివాళ్ళని పుస్తకాల్లో చాలామందిని చదివాను, అందరూ మంచి వాక్యాల్లోనే పడతారు. నాలుగోసారి ఇలా రాశాను: "విద్యార్థిని రాసిన అంకెలు సరైనవి. 31లో 26 అంకెలు నేను మార్చాను. మార్చినవే చార్టు మీద ఎక్కించమని నేనే చెప్పాను. ఆమె పుస్తకం కాపీ జతచేస్తున్నాను. ప్యానెళ్ళ స్థలం నేను డాబా ఎక్కకుండానే ఎక్కినట్టు రాసిచ్చాను." అంతే.

హెడ్మిస్ట్రెస్ చదివి, ఆఖరి వరుస కింద వేలు పెట్టింది.

"చివరి వాక్యం అవసరమా మాస్టారూ?"

"అవసరమే."

"ఇది వెళ్తే మీ పేరు ఆఫీసులన్నీ తిరుగుతుంది. మీ దగ్గర చదివినవాళ్ళే ఉన్నారు అన్నిచోట్లా." తెల్లకాగితం ఒకటి ముందుకి లాక్కుని, "ఇన్వర్టరు లోపం అని రాద్దాం. పిల్ల మీద మచ్చా పోతుంది, మీ పేరూ ఉంటుంది. మీరు ఊఁ అంటే నేనే రాస్తాను," అంది.

రాసుకోవాలి: నేను ఊఁ అన్నాను. ఆవిడ రాసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని గేటు దాకా వచ్చాను. మెట్ల కింద 'అయితే' కనిపించింది. బడి వదిలారు, అందరూ వెళ్ళిపోతున్నారు, తను ఇన్వర్టరు తెర ముందు నిలబడి అరచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది. పుస్తకం నా దగ్గరుంది కదా. ప్రదర్శన అయిపోయింది, దొంగ అని పేరు వచ్చింది, రాయమన్నవాడు లేడు. అయినా రాస్తోంది.

వెనక్కి వెళ్ళి ఆవిడ రాసిన కాగితం ఆవిడ బల్ల మీద పెట్టి, నాది తీసి పైన పెట్టాను. పుస్తకానికి కాపీ తీయించి జతచేయండి, అసలుది రేపు ఆ పిల్లకి ఇచ్చేస్తాను, అన్నాను.

డిసెంబరు 19, శుక్రవారం

చెప్పాను.

తలుపు దగ్గర నిలబడి చెప్పాలని అనుకున్నాను, త్వరగా వెళ్ళిపోవచ్చని. కానీ బోర్డు దగ్గరికి వెళ్ళి రెండు నిలువు వరుసలు రాశాను, ఆమె అంకెలు తెల్లచాకుతో, నావి ఎర్రచాకుతో. "తెల్లవి నిజం," అన్నాను. "ఎర్రవి నేను రాశాను. మీ స్నేహితురాలు అబద్ధం రాయలేదు. నేను రాయించాను. అక్కడ అడిగినప్పుడు చెప్పకుండా ఊరుకున్నాను."

 వెన్నెల మాట ఎత్తి గదంతా నవ్వించినవాడు బెంచీ కిందకి చూస్తున్నాడు. తల కొట్టేసినట్టయింది నాకు. పిల్లల ముందు సిగ్గుపడటం పెద్దల ముందు పడినట్టు ఉండదు. పెద్దలు త్వరగా పోనీండి అంటారు. వీళ్ళు అనలేదు.

'అయితే' లేచి నిలబడింది.

"అయితే మాస్టారూ, నా పుస్తకం ఇస్తారా?"

ఇచ్చాను. ఒక్కొక్క పేజీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. "ఎర్ర సిరా కింద నావి కనిపిస్తున్నాయి," అంది, నాతో కాదు, పక్క పిల్లతో. "మళ్ళీ రాసుకోవచ్చు."

కూర్చోబోయి ఆగింది. "అయితే మాస్టారూ, ఇలా దిద్దడం మీకెవరు నేర్పారు?"

వెక్కిరింపు లేదు అందులో. తెలుసుకుందామనే అడిగింది, వేడికా వెలుగుకా అన్నట్టే.

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

డిసెంబరు 20, శనివారం

ఉత్తరం వెళ్ళింది. టైలరు దారిలో ఎదురయ్యాడు. దణ్ణం పెట్టలేదు.

జనవరి 9, శుక్రవారం

కమిటీ జవాబిచ్చింది. పిల్ల మీద రాసుకున్నది కొట్టేశారు. ఈ ఏటి సీటు వేరే బడి కుర్రాడికి ఇచ్చేశారు, అది తిరిగి రాదు. ఏప్రిల్‌లో అందరితోపాటు పరీక్ష రాయనిస్తారట. మూడువందల మంది రాస్తారు, పదిమందికి వస్తుంది. గెలిస్తే పరీక్ష అక్కర్లేకుండా వెళ్ళాల్సిన పిల్ల. ఆ ఇంజనీరు కింద చేత్తో ఒక వాక్యం కలిపింది: "ఆ అమ్మాయి అసలు అంకెలే పెట్టి ఉంటే, నీడని కనిపెట్టిన ప్రాజెక్టుగా మొదటి స్థానం ఇచ్చేదాన్ని." హెడ్మిస్ట్రెస్ ఆ వాక్యం చదవకుండా దాటేద్దామనుకుంది. నేనే చదివించుకున్నాను.

ప్యానెళ్ళు వేసవి సెలవుల్లో మారుస్తారు. నన్ను కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు. మంగళ, శుక్రవారాలు ఇక స్లైడే చెప్తాడు. పుస్తకాల వరుస ఆట అతను నాకన్నా బాగా ఆడిస్తున్నాడట. ఆడించనీ.

వస్తుంటే మెట్ల కింద 'అయితే' ఉంది. కొత్త పుస్తకం. ఏడ్చిన మొహం కాదు, కోపమూ లేదు. "నమస్కారం మాస్టారూ," అంది. నేను దగ్గరికి వెళ్తుంటే, తెలియకుండానే అనుకుంటాను, రాస్తున్న అంకె మీద అరచెయ్యి కప్పుకుంది.

అదే నాకు పడిన శిక్ష. కమిటీది కాదు.

దిద్దడం ఎవరు నేర్పారని ఆ రోజు ఆమె అడిగితే ఎవరూ లేరన్నాను. ఉన్నాడు. నాకు పదిహేడేళ్ళు. ప్రాక్టికల్ పరీక్ష, లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కోవాలి. తొమ్మిదివందల ఎనభై రావాలి, నాకు తొమ్మిదివందల పదమూడు వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ పదమూడే. చెమటలు పడుతుంటే ల్యాబ్ అటెండరు నీళ్ళ కూజా పట్టుకుని బల్లల మధ్యగా వచ్చాడు. ఖాకీ చొక్కా, ఒక కంట్లో పువ్వు. నాకు గ్లాసులో నీళ్ళు పోస్తూ, పెదవులు కదపకుండా అన్నాడు: "ఎనభై వేసెయ్ బాబూ. అందరూ అదే వేస్తారు." వేశాను. వెనక నించి లెక్క కట్టుకుని రీడింగులన్నీ మార్చాను. నూటికి నూరు వచ్చింది. దారం జారిందో, కొలత తప్పిందో, నా తప్పు ఎక్కడుందో ఈ రోజు దాకా నాకు తెలియదు. వెతికితే అయిదు నిమిషాల్లో దొరికి ఉండేది.

ఆయన మంచివాడు. పిల్లలంటే జాలి. పోయి నలభై ఏళ్ళు దాటి ఉంటుంది. ఆయన చెప్పింది ఒక్క అంకె. మిగతా వేల అంకెలు, ముప్పై రెండేళ్ళ రికార్డు పుస్తకాల్లో, ఎంతమంది పిల్లల చేతో, నేనే వేయించాను. ఇదంతా తెలుసు. తెలిసీ, పొద్దున్నించి కూర్చుని తిడుతున్నది మాత్రం ఆయన్నే. దాహమేసినవాడికి నీళ్ళు పోసి వెళ్ళిపోకుండా నోరు విప్పిన ఆ ల్యాబ్ అటెండర్ని.